పేరున్న క్రైస్తవ పుస్తకాలను ఎంతవరకు నమ్మొచ్చు?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ సంఘం యూత్ గ్రూపులో పన్నెండు మంది శనివారం సాయంత్రాలు కలిసి ఏదైనా పుస్తకం చదువుదామనుకున్నారు. ఒకరు 'ద ప్రేయర్ ఆఫ్ జాబెజ్' అన్నారు, ఇంకొకరు 'పర్పస్ డ్రివెన్ లైఫ్' అన్నారు, ఒక చెల్లి 'ద షాక్' అంది. మీ పాస్టర్ గారేమో "బైబిల్ ఉండగా ఇవన్నీ ఎందుకు?" అన్నారు. లక్షల్లో అమ్ముడుపోయే ఈ పుస్తకాల్లో దైవశాస్త్రం సరిగ్గా ఉంటుందా అని మీరు అడిగారు.

నేను బైబిల్ కాలేజీలో ఇరవై ఏళ్ల పైన పాఠాలు చెప్పాను. జీతం చాలక, సెలవుల్లో ఇంగ్లీషు క్రైస్తవ పుస్తకాల తెలుగు అనువాదాలను సరిచూసే పని కూడా చేశాను. పుస్తకాల లోపలి సంగతి పాఠాలు చెప్పడం కంటే ఈ రెండో పనే నాకు ఎక్కువ నేర్పింది. ఎలాగో కాస్త తర్వాత చెప్తాను.

చాలా పుస్తకాల్లో పచ్చి దుర్బోధ ఏమీ ఉండదు. త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడు అన్నదాన్ని) కాదనరు, సిలువను కాదనరు. ఏ పేజీ తీసి చూసినా ఫలానా చోట తప్పు అని వేలు పెట్టి చూపించడం కష్టం. ఒక వచనాన్ని దాని ఇరుగుపొరుగు నుంచి ఊడబెరికి, అది మోయలేని బరువు దాని నెత్తిన పెట్టడంతో చిక్కు మొదలవుతుంది.

జాబెజ్ పుస్తకమే తీసుకోండి. బ్రూస్ విల్కిన్సన్ 2000లో రాశారు, వంద పేజీలు కూడా ఉండదు. మన బైబిల్లో ఆ పేరు యబ్బేజు. మొదటి దినవృత్తాంతముల మొదటి తొమ్మిది అధ్యాయాలు వంశావళులే కదా, అంత పేర్ల జాబితా మధ్యలో నాలుగో అధ్యాయంలో రెండే రెండు వచనాలు ఇతని గురించి. "నా సరిహద్దును విశాలపరచి" అని ప్రార్థించాడు, దేవుడు దయచేశాడు. అంతే, మళ్లీ పేర్ల జాబితా మొదలు. దీన్ని మీరూ రోజూ చేయండి, మీకూ ఇలాగే జరుగుతుంది అని ఆ రెండు వచనాలు ఎక్కడా అనవు. అతనికి జరిగింది, రాసి పెట్టారు. ఆ పేరుకే వేదనతో ముడి ఉంది, తల్లి వేదనపడి కన్నానని ఆ పేరు పెట్టింది. జీవితమంతా 'నొప్పి' అని పిలిపించుకున్న మనిషి, కీడు నుంచి తప్పించమని దేవుణ్ణి అడిగిన సన్నివేశం అది. నన్నడిగితే అసలు సొగసు అక్కడే ఉంది. పుస్తకం ఆ మనిషి మీద కంటే ఆ ప్రార్థన మాటల మీదే ఎక్కువ నిలబడింది.

"మీరీలాగు ప్రార్థనచేయుడి" అని యేసు నేరుగా నేర్పిన ప్రార్థన ఒకటి ఉంది. అందులో అడగమన్నది సరిహద్దులు కాదు, అనుదినాహారం. అదీ ఒక్కరోజుకి.

రచయిత పక్షాన ఒక మాట చెప్పాలి. ఆయన ఎక్కువగా మాట్లాడింది సేవ విస్తరించడం గురించి, ఆస్తుల గురించి కాదు. తర్వాత దక్షిణ ఆఫ్రికా ప్రాంతానికి వెళ్లి, స్వాజిలాండ్‌లో అనాథ పిల్లల కోసం పెద్ద పథకం వేశారు. అది సాగలేదు, 2005లో దాన్నుంచి తప్పుకున్నారు. దీన్ని ఎగతాళిగా చెప్పడం లేదు. రోజూ ఆ ప్రార్థన చేసిన మనిషికే ఒక సరిహద్దు విశాలం కాలేదంటే, అది తాళంచెవి లాంటి ప్రార్థన కాదనే కదా. కానీ పాఠకులు తీసుకున్నది తాళంచెవినే. గుంటూరులో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసు గోడ మీద ఆ వచనం పెద్ద అక్షరాల్లో చూశాను. ఆయన దృష్టిలో సరిహద్దు అంటే గజాలూ సెంట్లే.

ఇలాంటి పుస్తకాలు మన దగ్గర ఇంత తేలిగ్గా అల్లుకుపోవడానికి నేల మనమే దున్ని పెట్టాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు తీసుకుంటాం కదా? బుట్టలో చెయ్యి పెట్టి, వచ్చిన వచనాన్ని ఏడాదంతా బీరువా తలుపు మీద అంటించుకుంటాం. నేనూ తీసుకున్నాను, మా అమ్మ పెట్టిన కార్డులు ఇంకా నా బైబిల్లో ఉన్నాయి. అలవాటు చెడ్డదని అనను. కానీ వచనం అంటే సందర్భం అక్కర్లేని చీటీ అని చిన్నప్పటి నుంచి మన చేతులకు నేర్పింది అదే. ఆ చీటీల్లో అందరికంటే ఎక్కువ తిరిగేది యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు". క్యాలెండర్ల మీదా, పెళ్లి కార్డుల మీదా, కాఫీ కప్పుల మీదా ఉంటుంది.

ఆ వచనానికి సరిగ్గా ముందున్నది చదవండి. బబులోనుకు డెబ్బై ఏళ్లు నిండిన తర్వాతనే అని ఉంది. ఆ అధ్యాయం బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరం. అంటే దాన్ని విన్న పెద్దవాళ్లలో చాలామంది అక్కడే, పరాయి దేశంలోనే కన్ను మూస్తారు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని చెప్పిన తర్వాత వచ్చిన మాట అది. ఇంకొంచెం వెనక్కి, 28వ అధ్యాయానికి వెళ్తే హనన్యా కనిపిస్తాడు. రెండేళ్లలో అంతా తిరిగొచ్చేస్తుందని దేవాలయంలో జనమందరి ముందు చెప్పిన ప్రవక్త. ఆ కాలంలో అచ్చు యంత్రాలుంటే బెస్ట్‌సెల్లర్ హనన్యాదే. యిర్మీయా ఏం చేశాడో చూడండి. మొదట "ఆలాగున జరుగునుగాక" అన్నాడు. అతనికీ అదే కావాలి, ఎవరికి వద్దు? కానీ దేవుడు చెప్పింది అది కాదు. అందరూ వినాలనుకునే మాట చెప్పిన పుస్తకం తప్పే అయ్యుంటుందని కాదు గానీ, అలాంటిది చేతికొచ్చినప్పుడు నాకు హనన్యా గుర్తొస్తాడు.

ఇప్పుడు అనువాదాల సంగతి. రిక్ వారెన్ 'పర్పస్ డ్రివెన్ లైఫ్' 2002లో వచ్చింది. నలభై రోజులు, నలభై అధ్యాయాలు. అది మొదలయ్యేదే ఇది నీ గురించి కాదు అనే మాటతో. నన్నడిగితే ఆ ఒక్క వాక్యం కోసం ఆ పుస్తకాన్ని గౌరవించొచ్చు, ఆ అరలో పుస్తకాలన్నీ నీ గురించే అంటున్న రోజుల్లో వచ్చింది మరి. చిక్కు వేరే చోట. ఆయన పదిహేను రకాల ఇంగ్లీషు బైబిళ్ల నుంచి వచనాలు తీసుకున్నారు. వాటిలో కొన్ని అనువాదాలు కావు, భావాన్ని వాడుక మాటల్లో తిరగరాసినవి. అలా ఎందుకు చేశారో పుస్తకం చివర ఆయనే చెప్పుకున్నారు: బాగా అలవాటైన వచనం కొత్త మాటల్లో వింటే మనసుకు తగులుతుందని. ఆ మాట నిజమే.

కానీ ఇలాంటి పుస్తకం తెలుగులోకి తెస్తున్నప్పుడు ఏమవుతుందో చూడండి. మొదటి అధ్యాయంలో ఎఫెసీ 1:11ను అలా తిరగరాసిన బైబిల్ నుంచి ఇచ్చారు. మనం ఎవరమో, దేని కోసం బతుకుతున్నామో క్రీస్తులోనే తెలుసుకుంటాం అని అక్కడ ఉంటుంది. జీవిత ఉద్దేశం మీద రాస్తున్న పుస్తకానికి అచ్చంగా సరిపోయే వచనం. మన పాత తెలుగు బైబిల్ తెరిస్తే అదే వచనంలో దేవుడు "తన చిత్తప్రకారమైన సంకల్పమునుబట్టి" మనల్ని ముందుగా నిర్ణయించి స్వాస్థ్యంగా ఏర్పరచుకున్నాడని ఉంది. ఇంగ్లీషులో నేను నా గురించి తెలుసుకుంటున్నాను, తెలుగులో దేవుడు నన్ను ఎంచుకుంటున్నాడు. వాక్యానికి కర్తే మారిపోయాడు! అనువాదకుడు పాత బైబిల్ మాట పెడితే రచయిత వాదన కింద నేల ఉండదు. రచయిత మాటే తెలుగు చేస్తే, చదివేవాళ్లు తమ బైబిల్ తీసి చూసి ఈ వచనం ఇలా లేదే అని తికమకపడతారు. ఈ పని చేసినన్నాళ్లూ ఇలాంటి చోట్లకు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకునేవాణ్ణి. కొన్ని పుస్తకాలకు రెండు మూడు గుర్తులే వచ్చేవి. కొన్నింటికి రీఫిల్ అయిపోయేది. ఒక పుస్తకం వాదన ఒకే ఒక్క అనువాదం మీద నిలబడి, మిగతా వాటిలో కూలిపోతోందంటే, ఆ వాదన బైబిల్ది కాదు, రచయితది. ఈ పరీక్షకు గ్రీకు రానక్కర్లేదు. తెలుగు పాత బైబిల్ ఒకటి, ఇంగ్లీషువి రెండు పక్కన పెట్టుకుంటే చాలు.

'ద షాక్' అంటే కరెంటు షాక్ కాదు, గుడిసె లాంటి చిన్న ఇల్లు. విలియం పాల్ యంగ్ తన పిల్లల కోసం రాసుకుని మొదట పదిహేను కాపీలు తీయించుకున్న కథ అది, 2007లో పుస్తకంగా వచ్చింది. చిన్న కూతురు హత్యకు గురైన తండ్రి దేవుణ్ణి కలుసుకోవడం అందులో కథ. తండ్రియైన దేవుడు నల్లజాతి స్త్రీ రూపంలో, పరిశుద్ధాత్మ సరయు అనే ఆసియా స్త్రీగా కనిపిస్తారు. అవును, మన సరయూ నది పేరే. చాలామంది గొడవపడింది స్త్రీ రూపం మీద. నాకు అది అంత పెద్ద విషయంగా అనిపించలేదు, నవల నవలే. కానీ తండ్రి చేతుల మీద కూడా మేకుల గాయాలు ఉన్నట్టు రాశారు. సిలువ మీద చనిపోయింది కుమారుడు. తండ్రే సిలువ వేయబడ్డాడనే ఆలోచన మూడో శతాబ్దం నాటికే సంఘం వాదించి పక్కన పెట్టినది. దుఃఖంలో ఉన్న మనిషికి ఆ పుస్తకం ఓదార్పు ఇచ్చిందంటే నేను కాదనను. అయితే త్రిత్వం గురించి దాంట్లో నేర్చుకున్నాను అని ఎవరైనా అంటే ఆపుతాను. ఆ చెల్లికి ఇది మెల్లగా చెప్పండి. ఏ బాధలో ఉండి ఆ పేరు చెప్పిందో మీకు తెలియదు కదా.

మీరు అడగలేదు గానీ, రాకడ (యేసు తిరిగి రావడం) పుస్తకాల ప్రస్తావన లేకుండా తెలుగు క్రైస్తవుల చదువు గురించి మాట్లాడలేం. 'లెఫ్ట్ బిహైండ్' నవలలు 1995 నుంచి 2007 వరకు మొత్తం పదహారు వచ్చాయి. లోకాంతానికి ముందు వచ్చే శ్రమలకాలం కంటే ముందే సంఘం, అంటే విశ్వాసులంతా, రహస్యంగా పరలోకానికి ఎత్తబడుతుందనే బోధ వాటికి పునాది. ఈ బోధకు ఒక క్రమం ఇచ్చి ప్రచారంలోకి తెచ్చింది 1830ల్లో జాన్ నెల్సన్ డార్బీ అనే, బ్రెదరెన్ క్రైస్తవ శాఖ నాయకుడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ దాన్ని పేజీ అడుగున నోట్సుగా పెట్టింది. నోట్సు ఏదో, వచనం ఏదో జనం మర్చిపోయారు. మన నరసాపురానికీ దీంతో కొంచెం చుట్టరికం ఉంది. 1836లో బౌడెన్, బీర్ దంపతులను గోదావరి జిల్లాలకు తీసుకొచ్చిన ఆంథనీ నారిస్ గ్రోవ్స్ కూడా బ్రెదరెన్ వాడే. అదే సంవత్సరం ఆయన డార్బీకి ఒక ఉత్తరం రాశాడు, మీ దారి ఇరుకైపోతోంది అని బాధపడుతూ. ఆ ఉత్తరం మన సంఘాల్లో ఎందరు చదివారో గానీ, డార్బీ రాకడ పటం మాత్రం ప్రతి ఊళ్లో గోడ మీద ఉంది.

ఎత్తబడటాన్ని ఆ క్రమంలో నమ్మే స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు, వాళ్ల విశ్వాసాన్ని తప్పు పట్టను. నా అభ్యంతరం నవలల మీద. "ఒకడు తీసికొనిపోబడును ఒకడు విడిచిపెట్టబడును" అనే మాటను అవి పట్టుకున్నాయి. దానికి పై వచనంలో నోవహు కాలం ఉంది. అక్కడ కొట్టుకుపోయింది ఎవరు, మిగిలింది ఎవరు? మీరే చూసుకోండి. ఇక థెస్సలొనీక పత్రికలో "మేఘములమీద కొనిపోబడుదుము" అన్న భాగం, అయినవాళ్లు చనిపోయారని ఏడుస్తున్నవాళ్లకు రాసినది. చివరి మాట, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండి అని. పౌలు ఓదార్చడానికి రాసిన దాంతో పిల్లల్ని భయపెట్టి రాత్రిళ్లు నిద్ర లేకుండా చేయడం నేను యూత్ క్యాంపుల్లో కళ్లారా చూశాను. రాకడ ఎప్పుడో లెక్కలు కట్టే పుస్తకాల గురించి అయితే ఒక్క మాట చాలు. హాల్ లిండ్సీ 1970లో, ఇశ్రాయేలు దేశం ఏర్పడిన 1948 నుంచి ఒక తరం, అంటే నలభై ఏళ్లు అని లెక్క చెప్పారు. 1988 దాటి ఎన్నేళ్లయిందో మీకు తెలుసు.

పరలోకం వెళ్లొచ్చామనే పుస్తకాలు జోలికి పోకండి. అలాంటి ఒకదాంట్లో కథానాయకుడైన అబ్బాయే పెద్దయ్యాక, 2015లో, నేను చనిపోనూ లేదు, పరలోకం వెళ్లనూ లేదు అని బహిరంగంగా ఒప్పుకున్నాడు, ప్రచురణకర్తలు పుస్తకం వెనక్కి తీసుకున్నారు. లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉండి వచ్చాడు, ఒక్క మాట చెప్పినట్టు యోహాను రాయలేదు. 'జీసస్ కాలింగ్' అనే అనుదిన ధ్యానాల పుస్తకానిది ఇంకో రకం ఇబ్బంది (మన దగ్గర దాదాపు ఇదే పేరుతో ఉన్న ప్రార్థనా పరిచర్యకూ దీనికీ సంబంధం లేదు). సారా యంగ్ అందులో రోజూ యేసే 'నేను' అని మాట్లాడుతున్నట్టు రాశారు. మాటలు మెత్తగానే ఉంటాయి. కానీ ఎవరైనా దాన్ని ప్రశ్నించాలంటే యేసునే ప్రశ్నించినట్టు ఉంటుంది. ప్రశ్నించడానికి వీల్లేని గొంతు నాకు పుస్తకంలో నచ్చదు, పల్పిట్ మీదా నచ్చదు.

అన్నిటికంటే నేను భయపడేది స్వస్థత, సంపద పుస్తకాలకు. మా బంధువుల్లో ఒక పిన్ని ఉండేది. కొడుక్కి కిడ్నీలు పోయాయి, డయాలసిస్ నడుస్తోంది. ఎవరో అలాంటి పుస్తకం ఒకటి ఇచ్చారు. మూడవ యోహాను రెండో వచనం, "నీవు అన్ని విషయములలోను వర్ధిల్లుచు సౌఖ్యముగా ఉండవలెనని" అన్నది దాని మూలం. గాయు అనే స్నేహితుడికి ఒక పెద్దాయన రాసిన ఉత్తరంలో మొదటి పలకరింపు అది. మీరంతా కుశలమని తలుస్తాను అని మన ఉత్తరాల్లో రాసేవాళ్లం చూడండి, దాదాపు ఆ చోటే. దాన్ని దేవుడు అందరికీ రాసిచ్చిన హామీపత్రంగా మార్చేశారు. హామీ ఉన్నప్పుడు జరగలేదంటే తప్పు ఎవరిది? నీ విశ్వాసానిది. అబ్బాయి పోయాక ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. ప్రతి పేజీలో పెన్సిల్ గీతలు. విశ్వాసంలో లోపం గురించి ఉన్న అధ్యాయంలో, అంచున, "నేనేనా ప్రభువా" అని చిన్న అక్షరాల్లో రాసుకుంది. ఏ పుస్తకం దైవశాస్త్రం ఎంత గట్టిదో తూకం వేసేటప్పుడు నాకు నిజంగా అక్కరకొచ్చేది ఆ పెన్సిల్ రాతే. ఈ పుస్తకాన్ని పిన్ని మంచం పక్కన కూర్చుని పైకి చదవగలనా? చదవలేనంటే అది నాకొద్దు.

అలా చదవగలిగే పేరున్న పుస్తకాలు లేవా? ఉన్నాయి. 'ఎడారిలో సెలయేర్లు' మన ఇళ్లలో బైబిల్ తర్వాత బైబిల్. దాన్ని కూర్చిన శ్రీమతి కౌమన్ జపాన్‌లో మిషనరీగా పనిచేసిన మనిషి. భర్త జబ్బుతో మంచాన పడిన ఏళ్లలో తనను నిలబెట్టిన మాటలు ఏరి, ఆయన పోయిన మరుసటి ఏడాది, 1925లో అచ్చు వేయించింది. పేజీకో వచనం కాబట్టి సందర్భం తెగడం అందులోనూ ఉంది. కానీ బాధ తప్పుతుందని అది మాట ఇవ్వదు. దాన్ని ఆవకాయలా నంజుకోండి, అన్నం బదులు తినకండి.

సి.ఎస్. లూయిస్ 'మియర్ క్రిస్టియానిటీ' ఇంకా మంచి ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా బీబీసీ రేడియోలో ఇచ్చిన ప్రసంగాలు 1952లో ఒక పుస్తకమయ్యాయి. ఆయన పాస్టర్ కాదు, ఇంగ్లీషు సాహిత్యం చెప్పే అధ్యాపకుడు. అందుకే క్రైస్తవులు ఏం నమ్ముతారో చెప్పే భాగాన్ని నలుగురు పాదిరీలకు పంపాడు: ఒక ఆంగ్లికన్, ఒక మెథడిస్టు, ఒక ప్రెస్బిటేరియన్, ఒక కథోలిక్. మెథడిస్టు పాదిరీ, విశ్వాసం గురించి రాసింది చాల్లేదన్నాడు. క్రీస్తు మరణం మన పాపాలకు ప్రాయశ్చిత్తం ఎలా అయిందో వివరించే సిద్ధాంతాలు అంత ముఖ్యం కాదని చెప్పిన చోట మరీ ముందుకెళ్లావని కథోలిక్ ఆయన అన్నాడు. ఈ సంగతి లూయిస్ ముందుమాటలో తనే రాసి పెట్టాడు. నేనూ ఆ ప్రాయశ్చిత్తం భాగంతో పూర్తిగా ఏకీభవించను. కానీ తనతో విభేదించినవాళ్ల మాట పాఠకుడికి ముందే చెప్పిన రచయిత దగ్గర మోసపోతామనే టెన్షన్ ఉండదు. ఏదైనా పుస్తకం కొనేముందు వెనక అట్ట మీది పొగడ్తలు కాదు, దీన్ని అచ్చుకు ముందు ఎవరు చూశారు, ఎవరు కాదన్నారు అని వెతకండి.

మీ పాస్టర్ గారి మాటను తేలిగ్గా తీసుకోకండి, ఆయన భయానికి కారణాలు పైన చెప్పినవే. కానీ అపొస్తలుల కార్యాల్లోని ఐతియొపీయుడి చేతిలో యెషయా గ్రంథం ఉండి కూడా "ఎవడైనను నాకు త్రోవ చూపకుంటే ఏలాగు గ్రహింపగలను" అన్నాడు కదా. ఆదివారం ప్రసంగం కూడా అచ్చు కాని పుస్తకమే. బెరయ ఊరివాళ్లు పౌలు మాటనే లేఖనాలతో సరిచూశారు, లూకా వాళ్లను మెచ్చుకున్నాడు. మీ పాస్టర్ గారి ప్రసంగానికైనా, విల్కిన్సన్ పుస్తకానికైనా కొలబద్ద ఒకటే.

మీ గ్రూపు జాబెజ్ పుస్తకానికే ఓటేస్తే వద్దనకండి. మొదటి శనివారం పుస్తకం మూసిపెట్టి, దినవృత్తాంతముల నాలుగో అధ్యాయం మొత్తం, ఆ నోరు తిరగని పేర్లతో సహా, తలా కొంచెం పైకి చదవండి. రెండో శనివారం యిర్మీయా 28, 29. మూడో వారం పుస్తకం తెరవండి. పన్నెండు మందికీ పెన్సిళ్లు ఇవ్వండి, ఎక్కడ వచనం ఆగి రచయిత మాట మొదలైందో అక్కడ గీత గీయమనండి. ఆ మొదటి శనివారానికి మీ పాస్టర్ గారిని తప్పకుండా పిలవండి, ఆ పేర్లు తడబడకుండా చదవగలిగేది బహుశా ఆయనొక్కరే.